పిల్లల తలలో పేలు: రెండు వారాల లెక్క

"మందు పెట్టాం, పోయాయి. పది రోజులకి మళ్ళీ వచ్చాయి." పిల్లల తలలో పేల గురించి ఏ ఇద్దరు తల్లులు మాట్లాడుకున్నా ఈ మాట వినపడుతుంది. వెంటనే అనుమానం బడి మీదికో, పక్కింటి పిల్ల మీదికో, హాస్టల్ మీదికో పోతుంది. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమే కావచ్చు. కానీ చాలా ఇళ్ళలో జరిగేది వేరు. మందు పెట్టిన రోజు పేలు చచ్చాయి, వెంట్రుకలకి అంటుకున్న ఈపులు, అంటే పేల గుడ్లు, చావలేదు. అవి వారంలో పగిలాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల పేలు ఇంకో వారానికి పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. బయటి నుంచి ఎవరూ తేలేదు, అవి ఆ తలలోనే ఉన్నాయి.

ఈ చిన్న విషయం అర్థమైతే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది. ఏ మందు మంచిది, ఎంత ఘాటుగా ఉండాలి అనే ప్రశ్నల వెనక పడతాం గానీ, పేల విషయంలో గెలిపించేది మందు బలం కాదు. ఏ రోజు ఏం చేశాం, మళ్ళీ ఏ రోజు చేశాం, ఇంట్లో ఇంకెవరి తల చూశాం అన్నదే. ముందు ఆ జీవి సంగతి కొంచెం తెలుసుకుందాం.

పెద్ద పేను నువ్వు గింజంత ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. రెక్కలు లేవు కాబట్టి ఎగరలేదు, కాళ్ళ తీరు వల్ల దూకనూ లేదు. పాకడం ఒక్కటే దాని విద్య, అందులో మాత్రం మహా చురుకు. ఆరు కాళ్ళకీ చివర వంపు తిరిగిన గోరు ఉంటుంది. ఆ గోరు సరిగ్గా ఒక వెంట్రుకని చుట్టి పట్టుకోవడానికే ఉన్నట్టుంటుంది. తలలో అంత వేగంగా పరుగెత్తే పేనుని తెల్ల కాగితం మీద వేసి చూడండి, కాళ్ళకి పట్టు దొరక్క తడబడుతుంది. అప్పుడే రక్తం తాగి ఉంటే పొట్ట మధ్యలో ముదురు ఎరుపు గీత పైకే కనిపిస్తుంది. కొన్ని గంటలకోసారి మాడు మీద రక్తం తాగితేనే దాని ప్రాణం నిలుస్తుంది. తల వదిలి బయటపడితే ఒకటి రెండు రోజులకి మించి బతకదు. మనిషి తల తప్ప దానికి వేరే ఇల్లు లేదు, కుక్కల నుంచీ పిల్లుల నుంచీ రాదు, వాటికి పోదు.

నీళ్ళలో మునిగినా పేను చావదు. ఒంటి పక్కల ఉండే ఊపిరి రంధ్రాలు మూసుకుని, వెంట్రుకని గట్టిగా పట్టుకుని, కొన్ని గంటలు కదలకుండా ఉండగలదు. కుంకుడుకాయతో అంటినా, ఖరీదైన షాంపూతో అంటినా, ఈతకొలను క్లోరిన్ నీళ్ళలో మునిగినా దానికి పెద్ద తేడా ఉండదు. అందుకే "తలంటు సరిగ్గా పోయకపోతే పేలు పడతాయి" అన్న మాటలో నిజం లేదు. శుభ్రమైన తలలోనూ, జిడ్డు తలలోనూ పేనుకి దొరికేది ఒకే రక్తం. తలకి తల తగిలేంత దగ్గరగా ఎవరు ఉంటారో వాళ్ళకి పేలు పడతాయి. ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించడానికి కూడా ఇదొక ముఖ్య కారణం. ఒకే బెంచీ మీద తలలు ఆనించి కూర్చోవడం, ఒకే చాప మీద పడుకోవడం, ఒకే ఫోన్ మీదికి నలుగురు వంగి చూడటం వాళ్ళకి మామూలు. పేలు పట్టిన పిల్లని మురికి పిల్ల అని ఎవరన్నా, అది అబద్ధమే కాదు, ఆ పిల్లకి చేసే అన్యాయం కూడా.

దురద సంగతి ఇంకా చిత్రం. పేను కుట్టినందుకు కాదు దురద, అది వదిలే లాలాజలం మన ఒంటికి పడక వస్తుంది. జీవితంలో మొదటిసారి పేలు పట్టిన పిల్లకి ఆ పడకపోవడం మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే పిల్ల తల గోక్కోవడం చూసి మనం కంగారుపడే నాటికి పేలు అక్కడ కాపురం పెట్టి నెల దాటి ఉండవచ్చు. ఆ నెలలో అక్క పక్కన పడుకుంది, అమ్మ భుజం మీద తల పెట్టుకుంది, నాయనమ్మ ఒళ్ళో కథ విన్నది. దురద లేదు కాబట్టి మాకు లేవు అనుకునే పెద్దవాళ్ళ తలే చాలాసార్లు అసలు స్థావరం. ఇంట్లో ఒకరికి కనిపిస్తే అందరి తలలూ అదే రోజు చూడాలి అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఈపుల దగ్గరికి వద్దాం. కొన్ని చోట్ల ఈళ్ళు అంటారు. ఆడ పేను రోజుకి ఆరు నుంచి పది దాకా గుడ్లు పెడుతుంది, దాదాపు నెల రోజులు బతుకుతుంది. ఒక్కో గుడ్డునీ వెంట్రుక మొదట్లో, మాడుకి ఆనుకుని, ఒక రకం జిగురుతో అంటిస్తుంది. మాడు వేడి తగిలితేనే గుడ్డు పొదుగుతుంది. ఆ జిగురు ప్రొటీన్, వెంట్రుకా ప్రొటీనే. జిగురుని కరిగించేంత ఘాటైనది ఏదైనా రాస్తే ముందు వెంట్రుకే పాడవుతుంది. అందుకే వెనిగర్, నిమ్మరసం లాంటివి పూస్తే ఈపులు రాలిపోతాయన్న ఆశ పెట్టుకోకండి.

చుండ్రుకీ ఈపికీ తేడా వేళ్ళతోనే తెలుస్తుంది. తెల్లగా కనిపించిన దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి వెంట్రుక వెంట లాగండి. చుండ్రు అయితే జారి రాలిపోతుంది. ఈపి కదలదు, గోటితో పట్టి కొస దాకా గట్టిగా లాగితే గానీ రాదు. చెవుల వెనక, మెడ పైన జుట్టు మొదలయ్యే చోట ఇవి ఎక్కువగా ఉంటాయి.

అయితే ఈపి కనిపించినంత మాత్రాన తలలో పేలు ఉన్నాయని తీర్పు చెప్పకూడదు. వెంట్రుక నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, దానితో పాటే అంటుకున్న గుడ్డు పెంకు కూడా కిందికి దిగుతుంది. మాడు నుంచి ఆరు మిల్లీమీటర్ల కంటే దూరంలో ఉన్న ఈపుల్లో చాలావరకు పగిలిపోయిన ఖాళీ పెంకులో, చచ్చిన గుడ్లో అయి ఉంటాయి. ఖాళీ పెంకు తెల్లగా మెరుస్తుంది కాబట్టి అదే ముందు కంట పడుతుంది. బతికున్న గుడ్డు లేత గోధుమ రంగులో, జుట్టులో కలిసిపోయి, మాడుకి దగ్గరగా దాక్కుంటుంది. మన లాంటి వేడి ప్రాంతాల్లో ఇంకొంచెం కిందికి కూడా బతికున్న గుడ్లు ఉండవచ్చు, ముఖ్యంగా మెడ వెనక. అందుకే కొలత ఒక్కటే నమ్ముకోకుండా, కదిలే పేను దొరికిందా లేదా అన్నదే గీటురాయిగా పెట్టుకోవాలి. నెలల కిందటి ఖాళీ పెంకుల్ని చూసి టెన్షన్ పడి పిల్ల తలకి మళ్ళీ మళ్ళీ మందు పూసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ మందు చంపడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక లెక్క. గుడ్డు పెట్టిన ఆరు నుంచి తొమ్మిది రోజులకి పగులుతుంది. బయటికొచ్చిన పిల్ల పేను మూడుసార్లు పొర విడుస్తుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి వారం నుంచి పది పన్నెండు రోజులు పడుతుంది. మనం ఆదివారం మందు పెట్టి కదిలే పేలన్నిటినీ చంపాం అనుకుందాం. ఆ ఉదయమే పెట్టిన గుడ్డు ఆ తర్వాతి మంగళవారం దాకా పగలకపోవచ్చు. మరోవైపు, ఆదివారం రాత్రి పగిలిన గుడ్డులోంచి వచ్చిన పేను పై వారం ఆఖరికి తల్లి కావడానికి సిద్ధమవుతుంది. కాబట్టి రెండో దెబ్బ మరీ ముందు పడితే ఇంకా పగలని గుడ్లు మిగులుతాయి, మరీ ఆలస్యమైతే కొత్త గుడ్లు వచ్చేస్తాయి. ఈ రెండిటి మధ్య ఉన్న సన్నటి సందు తొమ్మిదో రోజు చుట్టుపక్కల ఉంటుంది. గుడ్లని చంపని మందులన్నిటికీ రెండో విడత తొమ్మిదో రోజున వేయమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పడానికి ఆధారం ఈ లెక్కే. మనలో చాలామంది రెండో విడత వేయరు. మొదటి రోజు దువ్వెనకి చచ్చిన పేలు రాలడం చూసి పని అయిపోయిందనుకుంటారు.

మందు లేకుండా దువ్వెన ఒక్కదానితోనూ ఇదే లెక్క నడిపించవచ్చు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ సూచించే పద్ధతి ఇది: తడి జుట్టుని 1, 5, 9, 13వ రోజుల్లో పేల దువ్వెనతో దువ్వాలి, 17వ రోజు ఒకసారి చూసుకోవాలి. నాలుగు రోజులకోసారి దువ్వితే, మధ్యలో పగిలిన పిల్ల పేను ఏదీ గుడ్లు పెట్టే వయసుకి రాకముందే దొరికిపోతుంది. ఆదివారం మొదలుపెడితే తర్వాత గురువారం, సోమవారం, శుక్రవారం, ఆఖరి తనిఖీ మంగళవారం. మన ఇళ్ళలో తలంటు వారానికోసారి ఆదివారం పోస్తారు, పేలు చూడటం కూడా ఆ రోజుకే ముడిపడి ఉంటుంది. ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఏడు రోజులు పేలకి చాలా సమయం. ఒకసారి తప్పించుకున్న పేను పై ఆదివారానికి పెద్దదవుతుంది. మంగళవారం తల తడపని ఇళ్ళుంటే కొబ్బరినూనె పట్టించి దువ్వినా సరిపోతుంది, ఆ రోజు మానేయకండి.

ఎలా దువ్వాలన్నది రాసేటప్పుడు చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, అసలు పని అంతా అక్కడే ఉంది. ముందు దువ్వెన. పళ్ళ మధ్య సందు 0.3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, లేకపోతే పిల్ల పేలు జారిపోతాయి. ప్లాస్టిక్ పళ్ళు ఒత్తైన జుట్టులో వంగి సందులిస్తాయి, స్టీలు పళ్ళది మేలు. పొద్దున వెలుతురులో గుమ్మం దగ్గరో వరండాలోనో పిల్లని పీట మీద కూర్చోబెట్టండి, భుజాల మీద తెల్ల తువ్వాలు కప్పండి. తలంటు పోసిన జుట్టుకి కండిషనర్ దండిగా పట్టించండి. లేదంటే తలంటుకి ముందే కొబ్బరినూనె కుదుళ్ళ దాకా తడిసేలా రాయండి. నూనె వల్ల పేలన్నీ ఊపిరాడక చస్తాయని నమ్మకండి, చాలా పేలు తట్టుకుంటాయి. నూనె, కండిషనర్ చేసే మేలు వేరు: పేను కదలిక మందగిస్తుంది, పట్టు జారుతుంది, దువ్వెన చిక్కు లేకుండా సాగుతుంది.

ముందు వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, జుట్టుని నాలుగు పాయలుగా విడదీసి మూడు పాయలకి క్లిప్పులు పెట్టండి. మెడ వెనక నుంచి మొదలుపెట్టండి. రెండు మూడు వేళ్ళ వెడల్పు జుట్టు చేతిలోకి తీసుకుని, పేల దువ్వెన పళ్ళు మాడుకి ఆనేలా పెట్టి, మధ్యలో ఆపకుండా కొస దాకా ఒకే లాగు లాగాలి. లాగిన ప్రతిసారీ దువ్వెనని తెల్ల గుడ్డ మీదో టిష్యూ మీదో తుడిచి చూడాలి. నల్లగా కదిలేది పెద్ద పేను, చుక్కంత ఉండి పారదర్శకంగా కనిపించేది పిల్ల పేను. ఈ రెండోదాన్ని వదిలేస్తే ఇదంతా వృథా. అదే పాయని ఇంకోసారి, ఈసారి పక్క నుంచి దువ్వండి. చెవుల వెనక తొందరపడకండి. నడుము దాకా జడ ఉన్న పిల్లకి గంట పట్టినా ఆశ్చర్యం లేదు, ఓపిక పోతే ఆమెకి ఏదైనా బొమ్మల కార్యక్రమం పెట్టండి. కండిషనర్ కడిగేశాక మరోసారి పైపైన దువ్వితే మిగిలినవి వస్తాయి. ఆఖరున దువ్వెనని పొగలొచ్చే వేడి నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి.

మనిషి ఈ పనిని ఎంత కాలంగా చేస్తున్నాడో చెప్పే వస్తువు ఒకటి ఇజ్రాయెల్‌లో లాకిష్ అనే ప్రాచీన నగర తవ్వకాల్లో 2016లో దొరికింది. సుమారు 3,700 ఏళ్ళ నాటి చిన్న ఏనుగుదంతపు దువ్వెన అది. ఒక పక్క చిక్కు తీసే ఆరు వెడల్పు పళ్ళు, రెండో పక్క పేలు తీసే పద్నాలుగు సన్న పళ్ళు. దాని మీద గీసిన పదిహేడు అక్షరాలని 2022లో చదివారు. ఈ దంతం జుట్టులోనూ గడ్డంలోనూ పేలని ఏరివేయాలి అని ఒక కోరిక రాసి ఉంది. అక్షరమాలతో రాసిన పూర్తి వాక్యాల్లో ఇప్పటిదాకా తెలిసిన అతి పాతది ఇదేనని పరిశోధకులు చెప్పారు. మన సంతల్లో అమ్మే రెండు వైపుల పళ్ళున్న చెక్క దువ్వెన చూసినవాళ్ళకి దీని తీరు కొత్తగా అనిపించదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకునే అలవాటు మన ఊళ్ళలో ఉండేది. అది కాలక్షేపం కావచ్చు, కానీ రోజూ జరిగే తనిఖీ కూడా. ఆ పద్ధతిలో పనిచేసింది అమ్మమ్మ చేతి నూనె గుణం కాదు, రోజూ తల చూడటం. ఈ రోజుల్లో ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో అంత తీరిక లేదు, నిజమే. అందుకే ఒక్క పూతతో పోయే మందు కోసం చూస్తాం. దువ్వెన పద్ధతికీ లోపం ఉంది. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, తడి దువ్వెన పద్ధతి పాటించిన పిల్లల్లో 57 శాతం మందికి పేలు పోయాయి. షాపులో దొరికే మందు ఒక్కసారి మాత్రమే వాడినవాళ్ళలో 13 శాతం మందికే పోయాయి. అంటే దువ్వినవాళ్ళలోనూ వందకి 43 మందికి మిగిలాయి. రెండూ కలిపి వాడితే మంచిదని నా అభిప్రాయం: మందు ఎక్కువ పేలని తగ్గిస్తుంది, దువ్వెన మిగిలినవాటిని పట్టిస్తుంది.

మందుల్లో మొదట వినిపించే పేరు పెర్మెత్రిన్, 1 శాతం ద్రావణం. 5 శాతం క్రీము గజ్జి కోసం, అది వేరు, షాపులో అడిగేటప్పుడు శాతం చూసుకోండి. రెండు నెలలు దాటిన పిల్లల నుంచి వాడవచ్చు. ఇది గుడ్లన్నిటినీ చంపలేదు కాబట్టి తొమ్మిదో రోజు రెండో విడత తప్పదు. వాడే తీరులో రెండు పొరపాట్లు మన దగ్గర ఎక్కువ. నూనె తల మీదే పూసేయడం ఒకటి. ముందు మామూలు షాంపూతో నూనె పోగొట్టి, కండిషనర్ పెట్టకుండా, తువ్వాలుతో తుడిచిన తడి జుట్టుకి రాయాలి, పది నిమిషాలు ఉంచి కడగాలి. పిల్ల జడ ఒత్తుగా పొడుగ్గా ఉన్నా చిన్న సీసాతో సరిపెట్టడం రెండోది. కుదుళ్ళన్నీ తడవకపోతే మిగిలిన చోటే పేలు బతుకుతాయి. కడిగేటప్పుడు పిల్లని ముందుకి వంచి తల మీద మాత్రమే చెంబుతో పోయండి, మందు నీళ్ళు ఒళ్ళంతా పారకుండా, కళ్ళలో పడకుండా. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలంటు వద్దు.

మందు పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత దువ్వి చూడండి. కొన్ని పేలు మందకొడిగా కదులుతుంటే కంగారు లేదు, దువ్వుతూ పోండి. చచ్చినవి ఒక్కటీ కనిపించక, అన్నీ మునుపటంత చురుగ్గా పరుగెడుతుంటే ఆ మందుకి అవి లొంగడం లేదు. అదే మందుని ఇంకా ఎక్కువగా, ఇంకా ఎక్కువసేపు పూయడం పరిష్కారం కాదు, డాక్టర్‌ని అడిగి వేరేది మార్చాలి. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో పెర్మెత్రిన్‌కి లొంగని పేలు బాగా పెరిగాయని పరిశోధనల్లో తేలింది.

మార్చేటప్పుడు డాక్టర్లు చూసే దారులు కొన్ని ఉన్నాయి. డైమెథికోన్ అనే సిలికాన్ ద్రవం విషం కాదు, పేను ఒంటిని కప్పేసి దాని ఊపిరి, నీటి వ్యవస్థని దెబ్బతీస్తుంది. అందువల్ల పేలు దానికి అలవాటుపడే అవకాశం తక్కువ. 0.5 శాతం ఐవర్‌మెక్టిన్ లోషన్ ఆరు నెలలు దాటిన పిల్లలకి ఒక్క పూతతో సరిపోయేలా అమెరికాలో 2012లో అనుమతి పొందింది. ఐవర్‌మెక్టిన్ మాత్ర వేరు. అది బరువు 15 కిలోలు దాటినవాళ్ళకి మాత్రమే, బరువుని బట్టి డాక్టర్ లెక్కగట్టి ఇవ్వాల్సింది, ఇంట్లో మిగిలిన మాత్రని సగం చేసి వేసేది కాదు. మలాథియాన్ లోషన్‌కి మంట అంటుకునే గుణం ఉంది. లిండేన్ పేరు సీసా మీద కనిపిస్తే పిల్లలకి వాడకండి. అది నరాల మీద పనిచేసి మూర్ఛ తెప్పించవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని 2002 నుంచే మందుగా ఆపేసింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచమంతా తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది.

ఇంట్లో చేసుకునే చిట్కాల్లో కొన్ని ఉత్త కాలహరణం, కొన్ని మాత్రం నిజంగా ప్రమాదం. ఈ రెండో రకం గురించి గట్టిగానే చెప్పాలి. సీతాఫలం గింజల్ని ఎండబెట్టి దంచి, నూనెలో కలిపి తలకి పట్టించడం మన పల్లెల్లో చాలా పాత అలవాటు. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజుల్లో గింజలకి కొదవ ఉండదు. ఆ గింజలో ఉన్న విషం పురుగుల్ని చంపుతుంది, అందుకే ఆ అలవాటు నిలిచింది. అదే పొడి చెమటతోనో, తల కడిగే నీళ్ళతోనో కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. భరించలేని మంట, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం వస్తాయి. మన దేశంలో కంటి డాక్టర్లు ఇలాంటి కేసులు చూసి వైద్య పత్రికల్లో రాశారు. పొరపాటున పడితే కళ్ళు నులమనివ్వకుండా, మంచి నీళ్ళతో పావుగంట పాటు కడిగి నేరుగా కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పేల కోసం కన్ను పణంగా పెట్టకండి.

కర్పూరం కలిపిన కొబ్బరినూనె ఇంకొకటి. కర్పూరం పసిపిల్లల ఒంట్లోకి చర్మం నుంచి, వాసన నుంచి, అన్నిటికంటే ఎక్కువగా పొరపాటున నోట్లో పెట్టుకోవడం వల్ల చేరి మూర్ఛలు తెప్పిస్తుంది. చాలా కొద్దిగా మింగినా ప్రమాదమే. దేవుడి దగ్గర పెట్టే బిళ్ళ కదా ఏమవుతుందిలే అనుకోవద్దు. కిరోసిన్ పూస్తే మాడు కాలుతుంది, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, పొయ్యి దగ్గరికి వెళ్తే నిప్పంటుకుంటుంది. చీమల చాక్‌పీసు పొడి, పొలానికి కొట్టే మందు, పశువుల మీద గోమారి పోవడానికి రాసే మందు, ఇవి పిల్లల తల మీద పెట్టడమంటే విషం పెట్టడమే. పిల్లల మాడు చర్మం పలచన, గోకి గోకి పుండ్లు పడిన చోట ఇంకా వేగంగా లోపలికి ఇంకుతుంది. వేపనూనె రాసి దువ్వితే దువ్వెనకి సాయపడవచ్చు గానీ, పసివాళ్ళ నోట్లోకి పోతే అదీ ప్రమాదమే, సీసా అందకుండా పెట్టండి.

గుండు చేయిస్తే పేలు పోతాయి, అనుమానం లేదు. మొక్కు ఉండి తిరుపతిలో తల నీలాలు ఇస్తే అది వేరే సంగతి. పేల కోసమే, వద్దని ఏడుస్తున్న పదేళ్ళ పిల్లకి జుట్టు తీయించడం అక్కర్లేదు. రెండు వారాల దువ్వెన చేసే పనికి ఆ పిల్ల ఏడాదంతా బడిలో మాటలు పడాలా? జుట్టు కొంచెం పొట్టిగా కత్తిరిస్తే దువ్వడం తేలిక, ఆమె ఒప్పుకుంటే అంతవరకు చాలు.

ఇంట్లో ఇల్లంతా ఉతికి ఆరేయాలన్న హడావుడి వద్దు. తల వదిలిన పేను ఎలాగూ ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, రాలిన గుడ్డుకి మాడు వేడి లేకపోతే పొదగదు. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, దుప్పట్లు, తువ్వాళ్ళు, రిబ్బన్లు వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేస్తే చాలు. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు పక్కన పెట్టండి. పరుపు మీద, సోఫా మీద పురుగుల మందు కొట్టకండి, దాని వల్ల పేలకి జరిగే నష్టం కంటే పిల్లలకి జరిగేది ఎక్కువ. ఆ ఓపికంతా తలల మీద పెట్టండి. అమ్మ తలని పిల్లలు చూడలేరు, కాబట్టి చెల్లెలో, వదినో, పక్కింటి పిన్నో చూడాలి. పేలు దొరికినవాళ్ళందరికీ అదే రోజు మందు లేదా దువ్వెన మొదలవ్వాలి. ఈ ఆదివారం పెద్దపాపకి, పై ఆదివారం చిన్నపాపకి అనుకుంటే పేలు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటాయి.

హాస్టళ్ళలో, గురుకులాల్లో ఈ "అదే రోజు" అన్నది ఇంకా ముఖ్యం. పక్కపక్కనే పడకలు వేసుకునే గదిలో ఒక పిల్లని పిలిచి మందు పెట్టి పంపిస్తే, ఆ రాత్రికే పక్క తల నుంచి మళ్ళీ ఎక్కుతాయి. గది మొత్తానికి ఒకే రోజు చూడటం, దొరికినవాళ్ళందరికీ మందు పెట్టడం, తొమ్మిదో రోజు తేదీ నోటీసు బోర్డు మీద రాసి పెట్టడం, మనిషికో దువ్వెన ఇవ్వడం. ఇది పెద్ద ఖర్చు కాదు, ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాల్సిన పని. పెద్ద పిల్లలు జంటలుగా ఒకరి తల ఒకరు దువ్వుకునేలా గురువారం సాయంత్రం ఒక గంట కేటాయిస్తే సగం సమస్య తీరుతుంది.

మామూలు బడుల్లో జరగకూడనిది అందరి ముందూ పేరు పిలవడం. టీచర్ క్లాసులో ఒక పిల్లని లేపి "నీ తల నిండా పేలు" అన్న రోజు, ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు. ఆ మాటకి బదులు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశం చాలు: "ఈ ఆదివారం అందరూ పిల్లల తలలు చూడండి, పేలు కనిపిస్తే మందు పెట్టి తొమ్మిదో రోజు మళ్ళీ పెట్టండి." ఎవరి పేరూ అక్కర్లేదు. పిల్లని ఇంటికి పంపడం కూడా అక్కర్లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: పేల కారణంగా ఏ పిల్లనీ బడి మానిపించకూడదు, ఈపి ఒక్కటి కూడా లేకుండా పోతేనే రానిస్తాం అనే నిబంధన వదిలేయాలి. నెల రోజులుగా తలలో పేలున్న పిల్లని ఆ మధ్యాహ్నం ఇంటికి పంపినంత మాత్రాన కొత్తగా ఎవరినీ కాపాడినట్టు కాదు, పిల్ల చదువు మాత్రం పోతుంది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే పాత నిబంధన పట్టుకుని కూర్చున్న బడులు ఇంకా ఉన్నాయి. స్కూలు నర్సు ఫోన్ చేసి పిల్లని తీసుకెళ్ళమంటే, ఈ మార్గదర్శకాన్ని మర్యాదగా గుర్తుచేయవచ్చు. 0.5 శాతం ఐవర్‌మెక్టిన్ లోషన్ అక్కడ 2020 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే అమ్మడానికి అనుమతి ఉంది. వేసవిలో ఇండియా వచ్చి అమ్మమ్మగారింట్లో అందరూ డాబా మీద వరసగా పడుకుని తిరిగి వెళ్ళాక, దురద లేకపోయినా మూడు నాలుగు వారాల పాటు అప్పుడప్పుడూ తల దువ్వి చూడటం మంచి అలవాటు. ఇక్కడి పిల్లలకీ దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత అదే వర్తిస్తుంది.

తల పేలు జబ్బులు మోసుకురావు. టైఫస్ లాంటి జ్వరాలు మోసేది బట్టల్లో ఉండే పేను, అది వేరే రకం. తల పేలతో వచ్చే ఇబ్బంది గోకడం వల్ల. గోకిన చోట చర్మం చిట్లి చీము పొక్కులు కట్టినా, జుట్టు అట్ట కట్టి వాసన వచ్చినా, చెవుల వెనకో మెడ వెనకో బిళ్ళలు తేలి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా ముందు డాక్టర్‌కి చూపించండి. పుండ్ల మీద పేల మందు పూయకండి, పుండు మానే మందు ముందు పడాలి. నెలల తరబడి తల నిండా పేలతో ఉన్న పిల్లలో చాలా అరుదుగా రక్తం తగ్గడం కూడా చూశారు, పిల్ల పాలిపోయి నీరసంగా ఉంటే రక్తపరీక్ష అడగండి. రెండు నెలల్లోపు పసివాళ్ళకి మందు అసలు వద్దు, వేళ్ళతో, దువ్వెనతో తీయడమే. గర్భిణి, పాలిచ్చే తల్లి కూడా డాక్టర్‌ని అడక్కుండా ఏ మందూ పెట్టుకోకూడదు. వాళ్ళకీ కండిషనర్, దువ్వెన పద్ధతి నిశ్చింతగా పనికొస్తుంది.